నాలుగు పాయింట్ ఆరేళ్లు

నా మొగుడి ఉద్యోగం తీసేసిన బటన్ నొక్కింది నేనే. ఎవరో నా వెనకాల చేరి చెప్పేలోపు నేనే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది.

నా పేరు నూకరత్నం. ఓడరేవు పక్కనున్న గుండె పరీక్షా కేంద్రంలో సీటీ స్కాన్ టెక్నీషియన్‌ని. పద్దెనిమిదేళ్లుగా మనుషుల్ని ఆ బల్ల మీద పడుకోబెట్టి, గుండ్రటి మిషన్‌లోకి తోసి, బయటికి లాగుతున్నాను. ఆ మంగళవారం లిస్టులో ఏడో పేరు గౌరీశు, నలభై తొమ్మిదేళ్లు, క్రేన్ ఆపరేటర్. ఏటా వేరేవాళ్ల షిఫ్టులో పడే పేరు ఈసారి నాకు పడింది. సొంతవాళ్లకి పరీక్ష చెయ్యకూడదన్న నియమం మా దగ్గర లేదు. మిషన్‌కి చుట్టాలూ పక్కాలూ ఉండరు కదా అని మా పెద్దవాళ్లు ఏనాడో తేల్చేశారు.

పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. మా లిఫ్టు చెడిపోయి నెల అయింది, అంచేత రెండంతస్తులు మెట్లెక్కాడు. పేరు పిలిచేశారని పరుగెత్తుకుంటూ గదిలోకి వచ్చి చొక్కా విప్పాడు. ఛాతీ మీద మూడు తీగలు అంటించి, చేతులు తలపైకి పెట్టించి, అద్దం వెనక్కి వెళ్లి మైకులో అందరికీ చెప్పినట్టే చెప్పాను, ఊపిరి పీల్చి బిగబట్టండి అని. మేనరికం పెళ్లి మాది, అతను నాకు చిన్నప్పట్నుంచీ బావే. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను అతన్ని ‘అండి’ అనడం అదే మొదటిసారి. అతనికి నవ్వొచ్చింది. బిగబట్టిన పొట్ట అదరడం అద్దంలోంచి నాకు కనిపించింది. తెర మీద నాడి తొంభై ఆరు చూపిస్తోంది. పది సెకన్లలో పని అయిపోయింది, అంకె వచ్చింది. నాలుగు పాయింట్ ఆరు.

అంటే అతని గుండె ఇంకా నాలుగు పాయింట్ ఆరేళ్లు ఆడుతుందని అర్థం. ఐదుకి తగ్గితే ఎర్ర కార్డు, అంటే పని పోయినట్టే.

గుండె చుట్టూ ఉండే రక్తనాళాల్లో వయసుతోపాటు సున్నం పేరుకుంటుంది. స్కాన్‌లో అది తెల్లటి రవ్వల్లా మెరుస్తుంది. పూర్వం డాక్టర్లు ఆ రవ్వల్ని కొలిచి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బీపీ ఎంత, షుగరుందా, మీ నాన్నగారు ఎలా పోయారు అని అడిగి, అప్పుడు ఒక మాట చెప్పేవారు. ‘కాలరేఖ’ వచ్చాక ఆ కబుర్లన్నీ పోయాయి. కాలరేఖ ఒక ప్రోగ్రాం. రవ్వల్ని చూసి ఎన్నేళ్లో పాయింటుతో సహా చెప్పేస్తుంది. దాన్ని నమ్మి ప్రభుత్వం చట్టం చేసింది. బస్సులు, రైళ్లు, క్రేన్లు నడిపేవాళ్లు ఏడాదికోసారి వచ్చి ఈ పరీక్ష చేయించుకోవాలి. ఏడాదికి ఒక్కసారే. రెండోసారి అడిగితే ఒంటికి అనవసరంగా కిరణాలు తగులుతాయని ఒక కారణం చెబుతారు. అసలు కారణం, అడిగితే మిషన్‌ని అనుమానించినట్టవుతుంది.

దాన్ని కనిపెట్టింది మా డైరెక్టరు డాక్టర్ హైమవతి. తొమ్మిదేళ్ల కిందట ఒక బస్సు డ్రైవరుకి స్టీరింగు మీదే గుండె ఆగిపోయి, బస్సు స్టాపులో నిలబడ్డ జనం మీదికి ఎక్కేసింది. పోయిన పంతొమ్మిది మందిలో ఆవిడ అక్క ఉంది. ఆ దుఃఖంలోంచి ఆవిడ రాత్రీపగలూ కూర్చుని కాలరేఖ రాసింది. ఆ దుఃఖాన్ని నేను వెక్కిరించను. మిగతాదంతా వెక్కిరిస్తాను.

గౌరీశు అంకె చూడగానే నేను చెయ్యవలసిన పని ఒకటుంది. నువ్వు పరుగెత్తుకొచ్చావు, నవ్వావు, కాసేపు కూర్చుని మళ్లీ పడుకో అనాలి. అనలేదు. నియమం కదా. కార్డు ప్రింటు తీసి ఇచ్చాను. అతను దాన్ని రెండు వైపులా తిప్పి చూసుకుని, ఎప్పటిలాగే సాయంత్రం ఏం కూర తెమ్మంటావని అడిగి వెళ్లిపోయాడు.

కూర తేలేదు. రేవులో ఆ మధ్యాహ్నమే అతని దగ్గర క్రేన్ తాళాలు తీసేసుకున్నారు. ఇరవై ఏడేళ్లు రోజూ నూట నలభై ఇనప మెట్లెక్కి, ఆకాశంలో అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని, ఓడల్లోంచి పెట్టెలు దించిన మనిషి. ఒక్కనాడూ ఒక్క పెట్టె కూడా జారలేదు.

మర్నాటినుంచి పరామర్శలు మొదలయ్యాయి. మనిషి ఎదురుగా నిక్షేపంలా కూర్చుని ఉంటే పరామర్శ ఏమిటని నాకు ఒళ్లు మండేది. ముందు మా వదిన సన్నాసమ్మ వచ్చింది, గౌరీశు అక్క. సంచీ నిండా బత్తాయిలు తెచ్చింది. తమ్ముడి తల నిమిరి, ఎంత మంచోడు, ఎవరినీ ఒక మాట అనేవోడు కాడు అని కళ్లొత్తుకుంది. అనేవోడట. తర్వాత వచ్చిన వాళ్లు కూడా అలాగే మాట్లాడారు, అందరూ బత్తాయిలే తెచ్చారు. ఇంట్లో ఎక్కడ చూసినా బత్తాయిలే. వారం తిరిగేసరికి కుళ్లిన వాసన వేస్తుంటే బుట్టెడు పట్టుకెళ్లి చెత్తబండిలో కుమ్మరించాను. అప్పుడు కూడా గౌరీశు నన్ను ఏమీ అనలేదు. అతను నాడి చూసుకుంటున్నాడు.

అది కొత్త అలవాటు. ఎడమ మణికట్టు మీద కుడిచేతి రెండు వేళ్లు, కళ్లు గోడ గడియారం మీద. అన్నం తింటూ మధ్యలో ఆగి చూసుకునేవాడు. మేముండేది రెండో అంతస్తు. నెల తిరక్కుండానే కింద వాటా వాళ్లని అడిగి వాళ్ల వరండాలో మంచం వేయించుకున్నాడు, మెట్లెక్కక్కర్లేకుండా. మాకు పిల్లలు లేరు, ఉన్నదే ఇద్దరం. నేను పైన, అతను కింద. నేను కంచం పట్టుకుని దిగి, అన్నం పెట్టి, కంచం పట్టుకుని ఎక్కేదాన్ని. ఎక్కిన ప్రతిసారీ ఆ నాలుగు పాయింట్ ఆరుని బండబూతులు తిట్టేదాన్ని. తిట్టి ఏం లాభం, మర్నాడు పొద్దున్నే వెళ్లి అలాంటి అంకెలే ఇంకో నలభై మంది చేతుల్లో పెట్టేదాన్ని.

దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు మా దగ్గర మిషన్‌కి, కంప్యూటర్లకి, ఆఖరికి స్టెప్లర్లకి కూడా బొట్లు పెడతాం. మా దగ్గర ఒక బొమ్మగుండె ఉంది. ప్లాస్టిక్ ముద్ద, లోపల కొలిచి పోసిన సున్నపు ముక్కలుంటాయి. రోజూ మనుషులు రాకముందు దాన్ని బల్ల మీద గీసిన గుర్తులోనే పెట్టి స్కాన్ తీస్తాం, మిషన్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి. మూడేళ్లుగా దాని అంకె ఏడు పాయింట్ రెండు, ఒక్కరోజూ మారలేదు. దాన్నొక్కదాన్నీ వదిలెయ్యడం ఎందుకని ఎవరో దానికీ దట్టంగా కుంకుమ పెట్టారు. మర్నాడు అంకె ఏడు పాయింట్ ఒకటి వచ్చింది.

అంతే, కేంద్రం మొత్తం ఆగిపోయింది. నలభై మందిని బయటి బెంచీల మీద కూర్చోబెట్టేశారు. ఇద్దరు ఇంజనీర్లు పరుగున వచ్చారు. డాక్టర్ హైమవతి స్వయంగా దిగి వచ్చింది. బొమ్మగుండెని అటు తిప్పారు, ఇటు తిప్పారు, తీశారు, పెట్టారు. చివరికి ఎవరికో వెలిగింది, కుంకుమ చేసేది పసుపూ సున్నంతోనే కదా, ఆ సున్నాన్ని కూడా మిషన్ లెక్కేసిందని. గుడ్డతో తుడిచి మళ్లీ స్కాన్ తీస్తే ఏడు పాయింట్ రెండు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లెక్కపెట్టాను, ఆ పూట ఆ ప్లాస్టిక్ ముద్దని పదకొండుసార్లు లేపి పడుకోబెట్టారు.

పాయింట్ ఒకటి తేడా వస్తే బొమ్మకి పదకొండుసార్లు. బతుకు పోయే మనిషికి రెండోసారి లేదు. ఆ రోజు పనంతా పళ్లు బిగబట్టి చేశాను.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట కాలరేఖని పరీక్షించినప్పుడు పన్నెండు వందల మందికి స్కాన్ తీసింది నేనే. ‘ప్రతి ఒక్కరినీ రెండుసార్లు కొలిచాం, తొంభై తొమ్మిది శాతం అదే అంకె వచ్చింది’ అని రిపోర్టులో రాశారు. ఆ వాక్యం చూపించే ప్రభుత్వాన్ని ఒప్పించారు. దాని కింద సాక్షి సంతకం నాది. కానీ నేను ఏ ఒక్కరినీ బల్ల మీంచి లేపి మళ్లీ పడుకోబెట్టలేదు. ఒక్కొక్కరికి ఒకే స్కాన్ తీశాను. ఆ ఒక్క స్కాన్‌నే కాలరేఖకి రెండుసార్లు చూపించారు. ఒకే ఫోటోని రెండుసార్లు చూస్తే అదే మొహం కనపడక పక్కింటాయన మొహం కనిపిస్తుందా? ఇంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కరికీ తట్టలేదు. చేతిలో బటన్ ఉన్నదాన్ని, నాకు అసలే తట్టలేదు.

రెండ్రోజులు ఆగి గౌరీశుని మధ్యాహ్నం భోజనాల వేళ రమ్మన్నాను. మా లిఫ్టు బాగయిందని చెప్పినా, ఆటో ఎక్కించడానికే బతిమాలాల్సి వచ్చింది. పావుగంట కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, స్కాన్ తీశాను. ఏడు పాయింట్ తొమ్మిది. బల్ల దింపి, గదిలో రెండు చుట్లు నడిపించి, మళ్లీ పడుకోబెట్టి తీశాను. ఐదు పాయింట్ ఎనిమిది. రెండూ ఐదుకి పైనే. అతను చొక్కా వేసుకుని, అంకెల వంక ఒకసారి చూసి, ఇంటికి పోదామన్నాడు.

ఆ కాగితాలు తీసుకుని డాక్టర్ హైమవతి గదికి వెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. అరవకుండా, పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పింది. మిషన్ గుండెని మూడేసి మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి చూస్తుందట, ఉల్లిపాయ తరిగినట్టు. సున్నపు రవ్వ ఒకే చక్రంలో పడితే తెల్లగా వెలుగుతుంది. రెంటి మధ్యా పడితే మసకబారి లెక్కలోకి రాదు. మనిషి లేచి పడుకుంటే కత్తి వేరే చోట పడుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటే రవ్వ సాగి పెద్దదిగా కనిపిస్తుంది. ఆ కాస్త తేడా ఏళ్ల లెక్కలోకి మారేసరికి బాగా పెరుగుతుంది. కొంత తేడా ఉంటుందని ఆవిడకి తెలుసు. ఇంత ఉంటుందని కొలిచి చూసుకోలేదు. మరి కార్డు మీద నాలుగు నుంచి ఎనిమిదేళ్లు అని రాయొచ్చు కదా అన్నాను. అలా రాస్తే ఏ ప్రభుత్వం తీసుకుంటుంది, తీసుకోకపోతే రేపు ఇంకో బస్సు జనం మీదికి ఎక్కదా అంది. అనుమతి లేకుండా స్కాన్ తీసినందుకు మెమో వస్తుందని కూడా చెప్పింది, అదీ నెమ్మదిగానే.

మెమో వచ్చింది. దాంతోపాటు సమీక్షా సంఘం కూడా వచ్చింది, ఏడాదికోసారి వచ్చే ముగ్గురు. ఏటా బొమ్మగుండె అంకె చూసి, టిఫిన్ తిని వెళ్లిపోతారు. ఈసారి నేను వాళ్ల ఎదుట గౌరీశు కాగితాలు మూడూ పరిచాను. మూడు స్కాన్లు, ఒకటే గుండె అన్నాను. రిపోర్టు మీద సాక్షి సంతకం నాదేనని, అది తప్పుడు సాక్ష్యమని కూడా చెప్పాను. సంఘం అధ్యక్షుడుగారు కళ్లజోడు సవరించుకుని, మొగుడి కోసం ఆడవాళ్లు పడే బాధ తను అర్థం చేసుకోగలనన్నారు.

“మేడమ్, మీరు పడుకోండి,” అన్నాను డాక్టర్ హైమవతితో. “రెండుసార్లు తీస్తాను. ఒకే అంకె వస్తే నేను ఇప్పుడే రాజీనామా రాసిచ్చి పోతాను.”

ఆవిడ వెనకాడలేదు. అందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవమే. చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, వచ్చి పడుకుంది. తొమ్మిది పాయింట్ ఒకటి. లేపి, గది చివరిదాకా నడిపించి, మళ్లీ పడుకోబెట్టాను. ఐదు పాయింట్ మూడు. ఆవిడ మెడ తిప్పి తెర వైపు చూసింది. చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి వెళ్లింది. ఆవిడ బల్ల దిగలేదు. ఇంకొకటి తియ్యమంది. తీశాను. ఆరు పాయింట్ ఏడు. అధ్యక్షుడుగారు ఇంక ఆడవాళ్ల బాధ గురించి మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ తన చేత్తో రాసిచ్చింది, కాలరేఖ ఒక్క స్కాన్ మీద చెప్పే మాట నమ్మదగింది కాదని. నలభై రోజుల్లో నియమం మారింది. మనిషిని లేపి పడుకోబెట్టి రెండు స్కాన్లు తియ్యాలి, కార్డు మీద ఇంత నుంచి ఇంత వరకు అని రాయాలి, పక్కన డాక్టరు మనిషితో మాట్లాడి సంతకం పెట్టాలి. మా ఒక్క రేవులోనే తొంభై మూడు మందిని పనిలోకి రమ్మన్నారు. గౌరీశు కొత్త కార్డు మీద ‘నాలుగు నుంచి పది’ అనుంది. డాక్టరు కూడా మాట్లాడి, నడిపించి చూసి, క్రేన్ ఎక్కొచ్చని రాశాడు. సన్నాసమ్మ వదిన ఈసారి మిఠాయి తెచ్చింది.

పనిలో చేరే రోజున నేను కూడా రేవుకి వెళ్లాను. గెలిచినదాన్నని ఛాతీ విరుచుకునే వెళ్లాను, దాచుకోవడం ఎందుకు. అతనితోపాటు పనిచేసేవాళ్లు భుజాలు తట్టారు. హెల్మెట్ పెట్టుకుని మెట్లు పట్టుకున్నాడు. పది మెట్లు, ఇరవై మెట్లు. ముప్ఫై దాటాక ఆగాడు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి ఛాతీ మీద వేసుకుని నిలబడ్డాడు. కిందికి చూశాడు. అక్కడ హమాలీలు, లారీల వాళ్లు, పెట్టెల మీద నంబర్లు రాసుకునే ఆడపిల్ల. చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కొక్క మెట్టే దిగి వచ్చేశాడు.

నొప్పి వచ్చిందేమోనని పరుగెత్తాను. నొప్పి లేదన్నాడు. ఆయాసం లేదన్నాడు. మరింకేమిటి? నాకు కోపం కట్టలు తెంచుకుంది. ఇన్నాళ్లూ మిషన్ మీద, డాక్టరమ్మ మీద, అధ్యక్షుడి మీద దాచుకున్నదంతా నా మొగుడి మీదే పడింది, అందరి ఎదుటా.

“ఎక్కు బావా. మిషన్ చెప్పింది తప్పని నేను రుజువు చెయ్యలేదా? ఎక్కు.”

“మిషన్ తప్పని నువ్వు రుజువు సేసినావు,” అన్నాడు మెల్లగా. “నా గుండె మంచిదని ఎవుడు సేసినాడు, రత్నం?”

డాక్టరు రాశాడు కదా అన్నాను. ఎల్లకాలం బాగుంటుందని రాయలేదు కదా అన్నాడు. అది ఎవరికీ ఎవరూ రాసివ్వరని, నాకూ తెలియదని, ఆ డాక్టరుకీ తన సంగతి తెలియదని, ఈ రేవులో నిలబడ్డ ప్రతివాడూ తెలియకుండానే నిలబడ్డాడని గొంతు చించుకున్నాను.

“నిజమే. తెలీనప్పుడు ఇరవై ఏడేళ్లు ఎక్కినాను. అప్పుడు కింద నాకు పెట్టెలే అగుపించీవి. ఇప్పుడు మనుసులు అగుపిస్తన్నారు. నాను ఎక్కనేను.”

ప్రింటు తీసి ఇచ్చిన ఆ అంకెని కార్డు మీంచి చెరిపేయించాను గానీ, అతని లోపల దాన్ని తుడిచే గుడ్డ ఏ కేంద్రంలోనూ లేదు. అప్పటికే వేరే ఆపరేటరు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

గౌరీశు హెల్మెట్ తీసి కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి నా ముందుకి చాపాడు. ఇంత జరిగాక ఆ చెయ్యి విసిరికొట్టాలనిపించింది. విసిరికొట్టలేదు. పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. డెబ్భై రెండు. ఒక్క దెబ్బ తేడా లేకుండా, పాతికేళ్ల కుర్రాడిలా కొట్టుకుంటోంది. బాగుంది బావా, ఏమీ లేదు, ఇంటికి పోదామన్నాను.

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఇంకోపాలి సూడు,” అన్నాడు.

పళ్లు బిగబట్టుకుని మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.